పాపికొండల ఏకదిన విహార శాస్త్రం

తెలుగువారి విహారయాత్రలను శాస్త్రీయంగా వర్గీకరించదలచిన వారికి పాపికొండల యాత్ర ఒక ప్రత్యేక తరగతిగా కనబడుతుంది. తూర్పు కనుమలను ఒరుసుకుంటూ గోదావరి రెండు కొండల వరుసల నడుమ ఇరుకుగా, లోతుగా సాగే చోటును చూడటానికి రాజమహేంద్రవరం నుంచి గానీ భద్రాచలం నుంచి గానీ పొద్దున్నే బయలుదేరి, చీకటి పడేలోగా తిరిగి వచ్చే ఈ కార్యక్రమంలో, కొండల వైపు చూసే సమయం కన్నా టిఫిను, భోజనం, సాయంకాలపు పకోడీల కోసం వరుసలో నిలబడే సమయమే ఎక్కువ. కనుక దీనిని ప్రకృతి విహారమనడం కన్నా, ప్రకృతి సమక్షంలో జరిగే బంతి భోజనమని నిర్వచించడమే సబబు.

ఈ యాత్రకు సరిహద్దు దాటే యాత్ర అన్న గౌరవం కూడా ఉంది. భద్రాచలంలో బస్సెక్కిన యాత్రికుడు తెలంగాణ పౌరుడిగానే కూర్చుని, పోచవరం రేవులో పడవ ఎక్కేవేళకు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటాడు. ఈ మార్పు అతనికి తెలియదు. తెలిసినా చేసేదేమీ లేదు, ఎందుకంటే సరిహద్దు ఎక్కడ ఉండాలన్న విషయంలో ఈ కొండలకే ఇంతవరకు స్పష్టత దొరకలేదు. 1959 వరకు భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది దానిని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోతున్నప్పుడు, గోదావరి మీద కడుతున్న పోలవరం జలాశయంలో మునిగే ఊళ్లు ఒక రాష్ట్రంలో, ఆనకట్ట మరొక రాష్ట్రంలో ఉంటే పేచీలు తప్పవని గ్రహించిన కేంద్ర ప్రభుత్వం, కొత్త రాష్ట్రం ఏర్పడటానికి కొద్ది రోజుల ముందు ఆర్డినెన్సు తెచ్చి, జులైలో పార్లమెంటు ఆమోదం పొంది, ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేసింది. వీటినే ముంపు మండలాలు అంటారు. అంటే, నీటిలో మునగడానికి ముందు కాగితాల మీద ఒకసారి తేలవలసి వచ్చిన మండలాలని అర్థం. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మళ్లీ తూర్పు గోదావరికి చేరాయి. అక్కడా కుదురుగా ఉండనివ్వలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు వాటిని అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చి, పాడేరును జిల్లా కేంద్రం చేశారు. తాత కాలం నుంచి ఒకే ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి, ఆ అరుగు దిగకుండానే ఇన్ని జిల్లాలు తిరిగి వచ్చాడంటే, టికెట్టు కొని ఒక్క రోజులో తిరిగివచ్చే పర్యాటకుడిది యాత్రే కాదని ఒప్పుకోవాలి.

ఈ బదిలీలో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, అక్కడి రామాలయ భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో చేరింది. (వనవాస కాలంలో రెండు రాష్ట్రాల రెవెన్యూ కార్యాలయాల చుట్టూ తిరగవలసిన పని పడనందుకు శ్రీరామచంద్రుడు ఒక రకంగా అదృష్టవంతుడే.)

పడవలోకి వద్దాం. ఇక్కడ విజ్ఞాన ప్రసారం మైకు ద్వారా జరుగుతుంది. మైకు పట్టుకున్న వ్యక్తి బోధించే భూగోళం సినిమా భూగోళం: ఏ మలుపులో ఏ పాట తీశారో, ఏ ఇసుకతిన్నె మీద ఏ కథానాయిక నడిచిందో అతనికి కంఠోపాఠం. 1973 నాటి ‘అందాల రాముడు’, 2006 నాటి ‘గోదావరి’ ఈ నది మీద పడవ ప్రయాణాన్నే కథగా చేసుకున్నవి గనుక ఆ పాఠాన్ని తప్పుపట్టలేం. నిశ్శబ్దం కోసం నగరం విడిచి వచ్చిన జనానికి ఆ నిశ్శబ్దం మరీ ఎక్కువై ఇబ్బంది పడతారేమోనన్న ముందుచూపుతో, పాఠం ముగియగానే స్పీకర్లు డ్యాన్సు పాటలు అందుకుంటాయి. కొండలు వాటిని మళ్లీ వినిపిస్తాయి, అదనపు రుసుము లేకుండా.

మైకులో వినబడనిది మునుగుతున్న ఊళ్ల జాబితా. పోలవరం వద్ద ఆనకట్ట నిర్మాణ స్థలంలోకి నీరు రాకుండా నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్టను కాఫర్ డ్యాం అంటారు. 2021 జూన్‌లో ఆ కట్ట ఆధారంగా గోదావరిని స్పిల్‌వే వైపు, అంటే మిగులు జలాలు దిగువకు పోయే గేట్ల వైపు, మళ్లించాక వరద వచ్చినప్పుడల్లా నీరు వెనక్కి తన్ని దేవీపట్నం మండలంలోని ఊళ్లను ముంచెత్తుతోంది. పడవలు బయలుదేరే గండి పోచమ్మ గుడికి కూడా వరదల్లో మునక తప్పడం లేదు. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే ఇల్లు వదలవలసిన కుటుంబాలు సుమారు లక్ష. పర్యాటక శాస్త్రం దీనిని విషాదంగా చూడదు. నీరు విస్తరిస్తే బోటింగ్‌కు అనుకూలత పెరుగుతుంది, ఇళ్ల కప్పులు కనబడకపోతే ఫొటో శుభ్రంగా వస్తుంది. సౌందర్యానికి అడ్డుగా ఉండేవి ఎప్పుడూ జనావాసాలే కదా.

పేరంటాలపల్లిలో పడవ కాసేపు ఆగుతుంది. మెట్లెక్కి శివాలయం, బాలానంద స్వామి ఆశ్రమం చూసి దిగేటప్పుడు, దారి పక్కన కొండరెడ్లు వెదురు వస్తువులు పెట్టుకుని కూర్చుంటారు. ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో చేర్చిన ఆదివాసులు వీరు. కొండవాలున చెట్టూ చేమా కొట్టి కాల్చి, ఆ నేలలో గింజలు చల్లి పండించుకునే పోడు వ్యవసాయం వీరిది. కత్తిమొనతో వెదురును పొరలు పొరలుగా చీల్చి, ఆ పొరలు తెగిపోకుండా వంచి పువ్వుగా మార్చే పనిలో ఉన్న ఒక ఆడమనిషి తలెత్తకుండానే వంద రూపాయలని చెబుతుంది. రానూపోనూ ఖర్చులు, పడవ టికెట్టుతో కలిపి తలకు వేలల్లో ఖర్చు పెట్టుకున్న యాత్రికుడు నలభైకి అడుగుతాడు. యాభైకి తెగుతుంది. గిరిజన సంస్కృతిని ప్రోత్సహించానన్న తృప్తి అతనికి ఉచితంగా లభిస్తుంది. ఆమెను అడవికి దూరంగా ఏ పునరావాస కాలనీలో దించితే అక్కడ వెదురు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు భోజనం గంట అడ్డం వస్తుంది.

ఈ శాస్త్రంలో వ్యంగ్యానికి చోటులేని అధ్యాయం ఒకటి ఉంది. 2019 సెప్టెంబర్ 15న, గోదావరి వరద మీద ఉండగా, దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 77 మందితో వెళుతున్న పర్యాటక పడవ మునిగిపోయింది. బతికి బయటపడినవారు 26 మంది. పడవను పైకి తీయడానికి ఐదు వారాలు దాటింది. ఆ తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి, ప్రవాహం ఉధృతంగా ఉంటే పడవలు ఆపుతున్నారు. ఇవి మంచివే. కానీ ఆ రోజు ఏ కంట్రోల్ రూమూ లేనప్పుడు సొంత పడవలు వేసుకుని వచ్చి, నీళ్లలో కొట్టుకుపోతున్నవారిని పట్టి ఒడ్డుకు చేర్చింది నది పక్క గిరిజన గ్రామాల వాళ్లు. జలాశయం నిండేనాటికి ఖాళీ కావలసిన గ్రామాల్లో అవీ ఉన్నాయి.

కాబట్టి ఇక మీదట ఈ యాత్రకు వెళ్లేవారికి ఒక్కటే మనవి: ఆపద వస్తే ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చే మనుషుల్ని ఏటా తగ్గించుకుంటున్నాం గనుక, పడవలో ఇచ్చిన లైఫ్ జాకెట్‌ను భోజనం వేళ కూడా విప్పకండి.