శుభం కార్డు ఎవరు కొట్టేశారు?

ఒకప్పుడు తెరమీద 'విశ్రాంతి' అని పడితే సమోసా తిని వెనక్కొచ్చేవాళ్లం. ఇప్పుడు విశ్రాంతి అంటే రెండేళ్లు. ఒక్కోసారి ఎన్నేళ్లో తీసేవాడికీ తెలీదు.

2015 జులైలో 'బాహుబలి'లో కట్టప్ప కత్తి దింపాడు. ఎందుకు చంపాడని దేశమంతా అడిగింది. 2017 ఏప్రిల్లో జవాబొచ్చింది. బాకీ చెల్లు. అది చూసి మనవాళ్లు ఏం నేర్చుకున్నారు? కథలో అంత బలమైన ప్రశ్న ఉండాలనా? అబ్బే! సినిమాను అడ్డంగా కోస్తే రెండుసార్లు అమ్ముకోవచ్చని. 'సలార్' సగంలో ఆగింది. 'కల్కి' సగంలో ఆగింది. 'దేవర' అయితే మరీను. తండ్రిని కొడుకే పొడిచాడట. కట్టప్ప దగ్గర కత్తి అద్దెకు తెచ్చుకున్నట్టుంది! ఎందుకు పొడిచాడంటారా? ఆగండి బాబూ, డేట్లు కుదరొద్దూ?

అసలు రెండో భాగం దేనికి బాగుంటుంది? పదిమంది గాల్లోకి లేచిన చోట వందమంది లేస్తేనా? 1984లో ఒకామెను చంపడానికి టెర్మినేటర్ వచ్చాడు. 1991లో అదే ముఖంతో ఇంకో యంత్రం ఆమె కొడుక్కి కాపలా వచ్చింది. ఆస్పత్రిలో లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. ఆ ముఖం చూడగానే ఆమె కాళ్లు జారి నేలమీద పడుతుంది. వాడిప్పుడు మనవాడని మనకు తెలుసు. పాపం, ఆమెకు తెలీదు. అదీ మజా! దానికి హెలికాప్టర్ పేల్చక్కర్లేదు. (పేల్చారనుకోండి, అది వేరే సంగతి.)

'పుష్ప' తొలి భాగమంతా ఇంటిపేరు లేదన్న అవమానం. రెండో భాగం చివర పెళ్లిపందిట్లో ఆ ఇంటిపేరు దక్కుతుంటే మనకూ గొంతు పూడుకుపోతుంది. మూడు గంటల ఇరవై నిమిషాలైంది, హమ్మయ్య, కథ తీరిందని చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటున్నామా... ఢాం! పెళ్లిలో బాంబు. 'పుష్ప 3' ఉందట. మన జేబుకు అప్పుడే ముహూర్తం పెట్టేశారు!

ఈ 'పుష్ప 2' బెనిఫిట్ షోకే టికెట్టు మీద 800 అదనంగా గుంజుకోండని తెలంగాణ సర్కారు అనుమతిచ్చింది. బెనిఫిట్ ఎవడికి? 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఓ తల్లి ప్రాణం పోయింది. కొడుకు చావుబతుకుల మధ్య ఆస్పత్రి పాలయ్యాడు. నేనీ కుర్చీలో ఉన్నంతకాలం ప్రత్యేక షోల్లేవు, రేట్ల పెంపు లేదు అని ముఖ్యమంత్రి నిండు శాసనసభలో చెప్పారు. ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది!

నెల తిరిగిందా? లేదు. జనవరిలో 'గేమ్ ఛేంజర్'కు రేట్లు పెంచుకోమన్నారు. హైకోర్టు కళ్లెర్రజేశాక నాలుక కరుచుకుని వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబరులో 'ఓజీ' వచ్చింది. ప్రీమియర్ టికెట్టు మళ్లీ 800. వాయిదాల్లేకుండా విడుదలవుతున్న సీక్వెల్ ఇదొక్కటే. జేబు అదే, చెయ్యి అదే, ఇంటిపేరూ అదే: 'ప్రత్యేక అనుమతి'.