చిన్నపాటి ఇబ్బంది

మనం నీళ్ల కోసం బోరు వేస్తాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో నీళ్ల బాధ పడలేక వేశారు. స్క్రాంటన్ చుట్టుపక్కల భూగర్భ బొగ్గు గనులు మూతపడి, పంపులు ఆగిపోయి, గని నీళ్లు పైపైకి లేచి ఇళ్ల సెల్లార్లలో తేలాయి. 1962లో సైన్యపు ఇంజనీర్లు ఓల్డ్ ఫోర్జ్ దగ్గర 42 అంగుళాల బోరు దింపి ఆ నీళ్లను లాకవానా నదిలోకి వదిలారు. ఇళ్లు ఆరాయి. నదికెలాగూ ఓటు లేదు.

అప్పట్నుంచీ రోజుకు నాలుగు నుంచి పది కోట్ల గ్యాలన్లు. సెలవు అడగదు, సమ్మె చేయదు, పింఛను ఊసెత్తదు. బొగ్గు కంపెనీలు కలలుగన్న కార్మికుడు వాళ్లు తాళం వేసుకుని పోయాక డ్యూటీలో చేరాడు.

ఆ నీళ్లు పైకొచ్చేటప్పుడు తేటగానే ఉంటాయి. గాలి తగిలాకే అసలు రంగు బయటపడుతుంది. బొగ్గు పొరల్లో పైరైట్ ఉంటుంది, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. గని తవ్వితే దానికి గాలీ నీరూ అందుతాయి. ఆమ్లం పుడుతుంది, ఇనుము కరుగుతుంది. ఆ ఇనుమే నదిలో తుప్పై రాళ్లకు పట్టేస్తుంది. రాళ్ల సందుల్లో పురుగులు బతకవు, పురుగుల్లేని చోట చేపకు పనేముంది? ఎగువన ట్రౌట్ చేపలు ఈదే నది బోరు దాటగానే పారాణి పెట్టుకుంటుంది. ఈ తుప్పు బురదకు అక్కడివాళ్లు ‘ఎల్లో బాయ్’ అని పేరు పెట్టారు. తండ్రి పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

ఎలా చెబుతారు? 1886లోనే కోర్టు తేల్చేసింది. శాండర్సన్ అనే ఆవిడ ఆ స్క్రాంటన్‌లోనే తేటగా పారే వాగు చూసి ముచ్చటపడి స్థలం కొని, ఇల్లు కట్టుకుంది. ఎగువన పెన్సిల్వేనియా కోల్ కంపెనీ గని నీళ్లు తోడి వాగులోకి వదిలింది. చేపలు చచ్చాయి, ఇంటి గొట్టాలను ఆ నీళ్లు తినేశాయి. ముందు ఆవిడ పక్షాన మాట్లాడిన రాష్ట్ర సుప్రీంకోర్టే చివరికి మాట మార్చింది. పల్లానికి పారడం నీటి స్వభావమట, అంత గొప్ప పరిశ్రమ ముందు ఒకరిద్దరి చిన్నపాటి ఇబ్బంది లెక్కలోకి రాదట. పారడం నీటి స్వభావమే. పాతాళం నుంచి పంపు పెట్టి తోడడం ఎవరి స్వభావమో!

ఆ చిన్నపాటి ఇబ్బంది నేడు పెన్సిల్వేనియాలో 5,500 మైళ్లకు పైగా వాగుల్లో, నదుల్లో పారుతోంది.

కడగడానికి డబ్బో? 1977 చట్టం టన్ను బొగ్గుకింత అని రుసుము పెట్టింది. పాత బొగ్గు మురికి వదలాలంటే కొత్త బొగ్గు తవ్వుతూ ఉండాలన్నమాట. తవ్వకం తగ్గేసరికి హుండీ గలగల కూడా తగ్గింది. 2021లో దేశంలోని పాత గనుల బాగుకని ఖజానా నుంచి 1,130 కోట్ల డాలర్లు కేటాయించారు. ఎల్లో బాయ్‌ని కన్నవాళ్లు ఎవరైతేనేం, పెంచే ఖర్చు ఒకప్పుడు సెల్లార్లలో నీళ్లు తోడుకున్నవాళ్ల పిల్లలకు పడింది.