పెడల్ అసలుది, స్పీకర్ డిజిటల్‌ది: హొసూరు గిటారిస్టులకు కొన్ని ఎదురు సలహాలు

హొసూరు, కృష్ణగిరి కల్యాణ మండపాల్లో, చర్చిల్లో, వినాయక చవితి పందిళ్ళలో గిటారు వాయించే పిల్లలకు రెండు రకాల సలహాలు అందుతుంటాయి. ‘పెడళ్ళ కాలం పోయింది, మోడలింగ్ యూనిట్ కొనుక్కో, అన్నీ అందులోనే ఉంటాయి’ అనేది ఒకటి. ‘పాత జపాన్ పెడల్ దొరికేదాకా ఆగు, డిజిటల్ జోలికి పోకు’ అనేది రెండోది. రెంటినీ పక్కన పెట్టమంటాను. నా సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా పాటించి చూడండి.

1. పాత చిప్ కోసం పడిగాపులు పడకండి

ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ ఓవర్‌డ్రైవ్ పెడల్ 1970ల చివర్లో వచ్చింది. దాని లోపలి 4558 చిప్ గురించి పుట్టిన కథలకు లెక్కలేదు. పాత చిప్ పేరు చెప్పి పెడళ్ళకు వేలకు వేలు వసూలు చేస్తారు. అదే 4558 మన వూఫర్ బోర్డుల్లో, బాస్-ట్రెబుల్ బోర్డుల్లో కూర్చుని ఉంది. ఆంప్లిఫయర్లు రిపేరు చేసే ఏ అన్నను అడిగినా డ్రాయరు లాగి తీసిస్తాడు. హొసూరు నుంచి 40 కిలోమీటర్లు పోతే బెంగళూరు ఎస్పీ రోడ్డు. ఒక 4558, రెండు 4148 డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, మూడు పాట్‌లు, ఒక ఫుట్ స్విచ్, ఒక అల్యూమినియం డబ్బా తెచ్చుకుని ఆ పెడల్ మీరే కట్టుకోండి. పాడైతే మన ఊళ్ళోనే బాగవుతుంది.

2. డ్రైవ్ తగ్గించండి, లెవెల్ పెంచండి

కుర్రాళ్ళు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ట్యూబ్ స్క్రీమర్‌లో డ్రైవ్ పూర్తిగా తిప్పితే సిగ్నల్ వంద రెట్లకు పైగా పెరుగుతుంది, దానితోపాటు గురగుర కూడా. ఎదురెదురుగా పెట్టిన రెండు డయోడ్లు 0.6 వోల్టుల దగ్గర దారి తెరిచి, అల శిఖరాన్ని గుండ్రంగా నొక్కేస్తాయి. ఆ నొక్కిన ధ్వనితోపాటు గిటారు అసలు సిగ్నల్ కూడా బయటికి వస్తుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలికేది అందుకే. డ్రైవ్ సగం దాటితే ఆ తేడా చచ్చిపోతుంది.

డ్రైవ్ సగంలో ఉన్నా స్వరం నిలుస్తుంది, గమకానికి అది చాలు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. మీటగానే ఆరిపోయే తీగకు కరెంటు నిలకడ ఇస్తుంది. ఓవర్‌డ్రైవ్‌ను కూడా ఆ నిలకడ కోసమే వాడండి.

3. బాస్ పోయిందని బాధపడకండి

ఈ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ గెయిన్ తగ్గిస్తుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే పలచగా అనిపిస్తుంది. మండపంలో కింద బాస్ గిటారు, పక్కన డోలక్, ప్యాడ్లు, పైన కీబోర్డు ఉంటాయి. గిటారుకు మిగిలే చోటు మధ్యలోనే. అందుకని టోన్‌ను గదిలో కాదు, బ్యాండ్ అంతా వాయిస్తుండగా సరిచేసుకోండి.

4. డిజిటల్‌కు ఒక్క స్పీకర్ పనే అప్పగించండి

మన మండపాల్లో గిటారు ఆంప్ ఉండదు, మిక్సర్ ఉంటుంది. పెడల్‌ను నేరుగా అందులో గుచ్చితే కందిరీగల తుట్టె కదిలినట్టు ఉంటుంది. గిటారు స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గిస్తుంది, పీఏ హార్న్ మాత్రం అంతా వినిపిస్తుంది. పెడల్‌కూ మిక్సర్‌కూ మధ్య, స్పీకర్ పెట్టె ధ్వనిని ఇంపల్స్ రెస్పాన్స్‌తో నకలు చేసే చిన్న క్యాబ్ సిమ్యులేటర్ పెట్టండి. ఈ పని డిజిటల్‌కు బాగా తెలుసు.

డిస్టార్షన్ నకలు అంతకంటే కష్టం. సెకనుకు 48,000 శాంపిళ్ళు తీసే యంత్రంలో 24,000 హెర్ట్జ్ పైన పుట్టిన స్వరాలు మడతపడి కిందికి దిగి, అపస్వరంగా వినిపిస్తాయి. 1998లో లైన్ 6 పాడ్ వచ్చినప్పటి నుంచి ఇప్పటి న్యూరల్ ఆంప్ మోడలర్ దాకా ఈ లోపాన్ని చాలావరకు దిద్దుకుంటూ వచ్చారు. కళ్ళు మూసుకుని వింటే తేడా చెప్పలేకపోవచ్చు, ఒప్పుకుంటాను. అయినా రెండు డయోడ్లు చేసే పనికి ప్రాసెసర్ ఎందుకు? మోయలేని స్పీకర్ పెట్టెకు నకలు చాలు. అరచేతిలో పట్టే పెడల్ అసలుదే ఉండనివ్వండి.

5. అడాప్టర్ మానేయండి

పందిట్లో సీరియల్ లైట్లు, జనరేటరు, మైకు సెట్టు అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. చౌక అడాప్టర్ గొణుగుడును డ్రైవ్ ఇంకా పెంచుతుంది. పెడల్‌ను 9 వోల్టుల బ్యాటరీతో నడపండి. ఈ సర్క్యూట్ తాగే కరెంటు చాలా తక్కువ. ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది కాబట్టి, కచేరీ కాగానే కేబుల్ లాగేయండి.

మోడలర్ కోసం దాచిన డబ్బుతో క్యాబ్ సిమ్యులేటర్, మంచి తీగలు, మంచి కేబుల్ కొనుక్కోండి. ఎస్పీ రోడ్డులో 4558లు రెండు తీసుకోండి. సోల్డర్ చేసేటప్పుడు చిప్‌కు ఎనిమిది కాళ్ళ సాకెట్ వేయడం మాత్రం మరవకండి. ఒకటి కాలిపోతే రెండోది గుచ్చి మళ్ళీ వాయించవచ్చు.