ధ్రువణ ఫిల్టరు ధారణ విధి

కెమేరా కొనినవానికి, అది చేతికి అలవాటు పడకమునుపే, లెన్సు ముందర మరియొక గాజుబిళ్ళ బిగించినగాని తన కళకు నిండుదనము రాదను నమ్మిక కలుగుట లోకసహజము. అట్టి బిళ్ళలలో అగ్రపూజ నందుకొనుచున్నది, దుకాణములలో సీపీఎల్ అనియు భౌతికశాస్త్ర పాఠములలో ధ్రువణ ఫిల్టరనియు వ్యవహరింపబడునది. దీని విలువ యంతయు త్రిప్పుటలో నున్నదని తెలిసినవారు చెప్పుదురు. తెలిసినవారి మాట వినుటకు తీరిక యెవరికున్నది? కావున శంషాబాదు పరిసరములలో దీనిని ధరించి తిరుగనెంచిన ఔత్సాహికుల కొరకు సులభమార్గ మొకటి యిచట వ్రాయుచున్నాను.

మొదట కొనుట. లెన్సు మూతిమీద 67 అనియో 77 అనియో దాని వ్యాసము మిల్లీమీటర్లలో చెక్కబడి యుండును; దానిని చూడనక్కరలేదు, ధర చూచిన చాలును; బిగియకున్నచో రింగులమ్మువాడును ఆ వీధిలోనే యుండును. ఇంటికి తెచ్చి బిగించి చూచునప్పటికి లోపలి చట్రము లెన్సును పట్టుకొనియే యుండగా, వెలుపలి చట్రము మాత్రము వ్రేలు తగిలినంతనే గిరగిర తిరుగును. మర వదులైనదని తలచి దుకాణమునకు మరల మోసికొనిపోవువారు కలరు. మీరంత శ్రమ పడవలదు. ఫెవిక్విక్ చుక్క యొకటి వేసినచో శాశ్వతముగా నిలుచును.

ఇక ప్రయోగస్థలము. 2008 మార్చిలో బేగంపేట నుండి ప్రయాణికుల భారమును స్వీకరించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమున, 4260 మీటర్ల పొడవున తూర్పుపడమరలుగా పరచిన ప్రధానమైన రన్‌వే, నిజమునకు ఈ ఫిల్టరు కొరకే వేసిరా యనిపించును. ఏలయనగా ఆకసపు నీలిమ గాలి యణువులు చెదరగొట్టిన సూర్యకాంతియే గదా. ఆ కాంతి సూర్యునికి 90 డిగ్రీల యెడమున మిక్కిలి ధ్రువితమై, అనగా చాలవరకు ఒకే దిశలో కంపించునదై యుండి, సూర్యుని దెసకు గాని దానికి సరిగా ఎదుటి దెసకు గాని పోయినకొలది ఆ గుణమును కోలుపోవును. ఉదయాస్తమయములందు సూర్యుడు రన్‌వే కొసల ప్రక్కనే యుండును గావున, ఉత్తరమునకో దక్షిణమునకో తిరిగి నిలిచి చట్రమును మెల్లగా త్రిప్పినవానికి, పాలిపోయిన ఆకసము చూచుచుండగనే ముదురునీలమై, తెల్లని విమానము దానిపై అచ్చుగ్రుద్దినట్లు తేలివచ్చును. ఇంత సులభముగా సిద్ధించునది సాధకునికి గౌరవము తెచ్చిపెట్టదు. మీరు నేరుగా సూర్యునికే అభిముఖులై, ఫిల్టరు వలన ఏమియు కాలేదని స్వయముగా నిర్ధారించుకొని, పిమ్మట దానిని చేసిన దేశమును నిందింపుడు.

దిక్కు తెలిసికొనుటకు బాలురైనను చేయదగిన యుపాయ మొకటి కలదు. చూపుడువ్రేలిని సూర్యునివైపు చాచి, బొటనవ్రేలిని దానికి లంబముగా నిలిపి, మణికట్టును త్రిప్పినచో, బొటనవ్రేలు చూపిన తావులందెల్ల ఫిల్టరు బలముగా పనిచేయును. విమానాశ్రయపు ప్రహరీగోడ చెంత, సీఐఎస్ఎఫ్ జవానులు కన్నార్పక చూచుచుండగా, వ్రేళ్ళను ఇట్లు పిస్తోలు ఆకారమున చాచి నలుదెసలకు గురిపెట్టి త్రిప్పుటకు మించిన శాస్త్రీయప్రదర్శన వేరొకటి లేదు. వారు దగ్గరకు వచ్చి ప్రశ్నించినపుడు ఆకాశధ్రువణ సిద్ధాంతమును ఆమూలాగ్రముగా వివరింపుడు. వినుటకు వారికి కావలసినంత తీరిక యుండును, మీకును ఆ దినమున వేరే పని యుండబోదు. 1937 నాటి విమాన నియమావళిలో 13వ నియమము ఫోటోలను గూర్చియే వ్రాయబడినదన్న సంగతిని వారే మీకు బోధింతురు.

నర్కూడలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయమునకు సినిమావారును, వారి వెంట పెండ్లికి ముందే ఫోటోలు దిగు నవదంపతులును పోవుట పరిపాటి. అచట ఎత్తైన గోపుర మంతయు పట్టవలెనని మీరు విశాలమైన లెన్సు బిగింతురు. అంత విశాలమైన దృశ్యమున ఆకసపు ధ్రువణము అంతట ఒక్కతీరుగా నుండదు గావున, గోపురమున కొకప్రక్క కాటుక పూసినట్లును, మరియొకప్రక్క సున్నము కొట్టినట్లును పడును. వధువు తండ్రి అడిగినచో ఇది సినిమాటిక్ అని చెప్పుడు. ఆ మాటకు ఎదురుచెప్పిన మామగారు తెలుగుదేశమున ఇంకను పుట్టలేదు. పిమ్మట కోనేటి గట్టున నిలిచి, నీటి చదునుతో సుమారు 37 డిగ్రీల వాలున దృష్టి సారించి ఫిల్టరును త్రిప్పుడు. ఏ గోపురప్రతిబింబము కొరకు అంతదూరము వచ్చితిరో అది కాస్త మాయమై, నీటి యడుగున పాచి మెట్లు స్ఫటికమువలె స్పష్టముగా కానవచ్చును.

నీటిపై తళుకు నిట్లణచి లోపలికి చూచుట మీకు ముందే యొకరు చేసియున్నారు. విశాఖపట్టణమున బాల్యము గడపి అచటనే తొలిచదువులు చదివిన చంద్రశేఖర వేంకటరామన్, 1921లో ఓడప్రయాణము చేయుచు, ఈ ఫిల్టరు పనినే చేయు నికల్ పట్టకమును కంటికడ పెట్టి, మీరు కోనేటి గట్టున పట్టిన వాలుననే, అనగా బ్రూస్టర్ కోణమున, అలలపై ఆకసపు ఛాయను తుడిచివేసి చూడగా, సముద్రపు నీలిమ తగ్గుటకు మారుగా హెచ్చెను. నీలము ఆకసము నుండి అరువు తెచ్చినది కాదనియు, నీటియణువులే కాంతిని పరిక్షేపించుచున్నవనియు తేల్చి, నార్కుండా యను ఓడ బొంబాయి రేవున నుండగనే నేచర్ పత్రికకు లేఖ వ్రాసెను. ఆ విచారణయే ముదిరి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితమై, 1930లో నోబెల్ బహుమానమై ఫలించెను. ఆయన పట్టకమును త్రిప్పుటకు సిగ్గుపడలేదు. ఫలితముగా సముద్రపు సెల్ఫీ యొకటైనను మనకు దక్కలేదు.

ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల సమతామూర్తి కడకు పోయినపుడు, పంచలోహపు మిసమిసను తగ్గింపనెంచి ఫిల్టరును భుజము నొచ్చునంతవరకు త్రిప్పుడు. నీరు, గాజు, ఆకు తమపై బడిన కాంతిని ధ్రువించి పంపును గాని, లోహము ఏ దిశలో కంపించు కాంతినైనను ఇంచుమించు సమభావముతోనే త్రిప్పిపంపును. శ్రీమద్రామానుజుల విగ్రహమునకు ఆ గుణ మెంతయు తగియున్నది. ఇక వెనుకనున్న ఆకసము మాత్రము నల్లబడి బంగారు వన్నె ద్విగుణముగా కనబడు స్థానమొకటి ఉండకపోదు. దానిని వెదకుటకు మూర్తి చుట్టును నడువవలయును గావున విడిచిపెట్టుడు.

ప్రయాణదినమున ఫిల్టరును పెట్టెలో దాచక కెమేరాకే యుంచుడు. టెర్మినలులోని కొన్ని తెరలు ఒక వాలున చూచిన నల్లగా మూసికొనును. మీ విమానము రద్దైనదని తోటి ప్రయాణికులకు చాటుడు. వెలుతురులో సగమునకు పైగా ఈ బిళ్ళయే మ్రింగును గనుక, రాత్రి విమానమైనచో మరీ మంచిది. పగటి విమానమున కిటికీ ప్రక్క ఆసనము దొరికెనా, సాగదీసి చేసిన ఆ ప్లాస్టిక్ పలకలో నిగూఢముగా నున్న ఒత్తిడులన్నియు ఊదా, ఆకుపచ్చ, గులాబి చారలై కన్నుల ముందర విచ్చుకొనును. క్రింద హిమాయత్‌సాగరము, ఔటర్ రింగ్ రోడ్డు, నల్లరాతిగుట్టలు ఆ చారల వెనుక ఏమైనవని చింతింపక, ధ్రువకాంతి కనబడినదని స్నేహితులకు పంపుడు. విమానము నడుపువారిని ధ్రువణపు చలువకళ్ళద్దములు పెట్టుకొనవద్దని అమెరికా విమానయానశాఖ హితవు చెప్పుటకు ఈ చారలును, నల్లబడు తెరలును, ఎదుటి విమానపు తళుకు కనుమరుగగుటయు కారణములు. మీరు నడుపుట లేదు గదా.

ఇదంతయు ఇంట కూర్చుండి ఎడిటింగులో చేసికొనవచ్చునని వాదించువా డొకడు ప్రతి గుంపులోను ఉండును. ఆకసమును నల్లబరచువరకు అతని మాట నిజమే. వాన వెలిసిన పిదప గుట్టమీది తడిరాయి, వేపాకు, తారురోడ్డు తెల్లగా మెరయునపుడు ఆ మెరుపు క్రింద దాగిన రంగు కెమేరాలోనికి రానేరాదు; రానిదానిని ఏ సాఫ్ట్‌వేరు వెలికితీయగలదు? తీయలేదు, కల్పించును. అయినను అతనితో వాదింపవలదు. ఆరవ నిజాము కొలువున రాజా దీన్‌దయాళ్ వాడిన నాటి ప్లేట్లకు నీలికాంతి సోకుడు మితిమీరి, ఆకసము చాలవరకు తెల్లకాగితముగనే మిగిలెడిది. ఆయన ఫిల్టరు లేదని కెమేరా మూసిపెట్టలేదు.

తుదకు ఆదాయమార్గము. ఇంద్రధనుస్సు కాంతియు ధ్రువితమే. సాయంకాలపు జల్లు కురిసి తూర్పున విల్లు విరిసినపుడు చట్రమును ఒక దిక్కుకు త్రిప్పిన నడిమి వంపు మాయమై రెండు కాళ్ళు నిలుచును. పావువంతు మరల త్రిప్పిన వంపు వచ్చి కాళ్ళు సన్నగిల్లును. ఫెవిక్విక్ వేయనివారు ఈ కొద్ది నిమిషములలో పెండ్లివారిని తెర ముందరకు పిలిచి, విల్లును పోగొట్టి చూపి, దానిని తిరిగి తెప్పించుటకు వేరుగా ఎంత యగునో ముందే మాటలాడుకొనవలయును. అడ్వాన్సు లేనిదే చట్రముపై చేయి వేయరాదు.