పెట్రోలు మొహం చూడని గేజ్‌ని

నన్ను పడవ డాష్‌బోర్డులో బిగించారు. పెట్రోలు ట్యాంకేమో వెనకాల, నేలచెక్క కింద. ఇన్నేళ్లలో పెట్రోలు మొహం నేను చూసిందే లేదు. ట్యాంకులో ఫ్లోటు పైకీ కిందికీ ఆడుతుంటే అక్కడి సెండర్ రెసిస్టెన్స్ మారుతుంది. గులాబీ రంగు వైరు మీద ఆ కబురు నాకందుతుంది. మాది అమెరికా పద్ధతి: ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33. యూరప్ వాళ్లది తలకిందులు, ఖాళీకి 10, నిండితే 180. వాళ్ల గేజ్ తెచ్చి ఇక్కడ బిగిస్తే నిండు ట్యాంకుని ఖాళీ అంటుంది. నా ఉద్యోగమల్లా విన్నది చూపించడమే. తిట్లు మాత్రం నాకే, పైకి కనపడేది నేను కాబట్టి.

మేముండేది డాలస్ దగ్గర లూయిస్‌విల్ సరస్సులో. 1980ల నాటి పడవ మాది. ఇప్పటి యజమాని ఒక తెలుగబ్బాయి. ఆ వేసవిలో ట్యాంకు నిండా పోయించినా నా ముల్లు 'ఈ' మీంచి లేవలేదు. "గేజ్ పోయింది, కొత్తది ఆర్డర్ పెడతా" అని ఫోను తీశాడు. నా అదృష్టం, వాళ్ల నాన్నగారు వచ్చి ఉన్నారు. కాకినాడ రేవులో డీజిల్ బోట్లకి మెకానిక్‌గా చేసిన మనిషి.

"ఆగరా! మేం ట్యాంకులో పుల్ల ముంచి చూసుకునేవాళ్లం."

"దీంట్లో పుల్ల దిగదు నాన్నా, పైపు వంపు తిరిగుంది."

"అయితే మీటరు తే."

ముందు మూతలన్నీ తెరిపించి, బ్లోయరు వేయించారు. వాసన లేదని రూఢి అయ్యాకే తాళం తిప్పనిచ్చారు. ఈ ఒక్క పనికే ఆయనకు దండం పెట్టొచ్చు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుక్కూచుంటుంది.

నా వీపున మూడు బోల్టులు. 'ఐ'కి ఊదా వైరు మీద కరెంటు, 'ఎస్'కి గులాబీ, 'జి'కి నలుపు. 'ఐ' దగ్గర 12 వోల్టులు వస్తున్నాయి. గులాబీ వైరు ఊడదీసి, 'ఎస్'నీ 'జి'నీ చిన్న వైరుముక్కతో కలిపారు. ముల్లు 'ఎఫ్' దాకా లేచింది.

"ఇది శుభ్రంగా ఉందిరా. దీన్నెందుకు తిడతావు?"

ఇక వెనక్కి వెళ్లారు. తాళం ఆపి, సెండర్ వైర్లు విప్పి మీటరు పెడితే 38 ఓములు. అంటే అదీ నిజమే చెబుతోంది.

"ఎర్త్ చూడు."

సెండర్ నల్లవైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య దాదాపు సున్నా రావాలి. మీటరు కదల్లేదు. వైరు కొస తొడుగు లాగితే లోపలి రాగి చిలుమెక్కి పచ్చటి పొడిలా రాలింది. చెడిన మేర కత్తిరించి, కొత్త టెర్మినల్ నొక్కి, తడి చొరకుండా హీట్‌ష్రింక్ తొడిగారు. విప్పిన వైర్లన్నీ బిగించి తాళం తిప్పితే నా ముల్లు లేచి కూర్చుంది.

అలాగని నన్ను పూర్తిగా నమ్మకండి. చాలా పడవల్లో ట్యాంకు అడుగుకి పోయేకొద్దీ సన్నం. నేను సగం చూపేటప్పటికి పెట్రోలు సగంకంటే తక్కువే ఉంటుంది. పడవ ముక్కు లేపి పరిగెడుతుంటే పెట్రోలంతా వెనక్కి పోతుంది, అప్పుడు నా లెక్క ఒట్టిది. పడవవాళ్ల పాత లెక్కే మేలు: మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు మిగులు. మీ ముల్లు పడుకుంటే మాత్రం కొత్త గేజ్ కొనే ముందు ఎర్త్ చూసుకోండి.