ఫోటో దిగని పెద్దమనిషి

పులిని ఫోటో తీయడంలో పెద్ద కష్టమేమీ లేదు. అదృష్టం బాగుండి తడోబాలో జీపు ఎక్కామా, గైడు వేలు పెట్టి మరీ చూపిస్తాడు. పులి దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. చుట్టూ జీపులు మూగినా ఆవలిస్తుందే తప్ప లేవదు. బాల్డ్ ఈగిల్ ఇంకా నయం. మేరీలాండ్‌లో కొనవింగో డ్యామ్ దిగువన ఏటా నవంబరులో ఫోటోగ్రాఫర్లు ట్రైపాడ్‌లు బారులు తీర్చి నిలబడితే, ఆ గద్దలు వాళ్ల కళ్లెదుటే చేపల్ని తన్నుకుపోతాయి. నిజంగా మీ ఓపికకు పరీక్ష కావాలంటే న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి పార్కుకు రండి. వచ్చి ఒక ఉడ్‌చక్‌కి సరైన ఫోటో ఒక్కటి తీయండి. ఇక్కడి జనం దాన్ని గ్రౌండ్‌హాగ్ అంటారు. నేనూ అలాగే అంటాను.

చూడని వాళ్లకు రూపురేఖలు చెప్పాలి. పుట్టింది ఉడత కుటుంబంలో, పోలిక మాత్రం ఎక్కడా తగలదు. నాలుగైదు కిలోల గోధుమరంగు ఒళ్లు, పొట్టి కాళ్లు, పొట్టి తోక, మెడ ఎక్కడ మొదలైందో తెలియని తల, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు. ఆ పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అందుకని బతికినన్నాళ్లూ ఏదో ఒకటి నములుతూనే ఉండాలి. తిండికి ఇంత గట్టి సాకు మా బంధువుల్లో ఎవరికీ తట్టలేదు.

వారధి కట్టేటప్పుడు రాముడు వీపు నిమిరింది మన ఉడతను. ఈ దాయాదిని నిమరబోయి ఉంటే కథ ఇంకోలా నడిచేది. 2009లో స్టాటెన్ ఐలాండ్ జూలో చక్ అనే గ్రౌండ్‌హాగ్‌ను బయటికి రప్పించబోయిన న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ వేలు కొరికించుకున్నారు. 1993లో వచ్చిన 'గ్రౌండ్‌హాగ్ డే' సినిమా షూటింగులో హీరో బిల్ మరీకీ అదే మర్యాద జరిగింది. పదవులకూ పేరుకూ లొంగే రకం కాదు. పైగా అమెరికాలో ఎలుక, ఉడత జాతులన్నిటిలో రేబిస్ ఎక్కువగా బయటపడేది దీనిలోనే. అందువల్ల దూరం నుంచి పెద్ద లెన్సుతో తీయడమే మార్గం. మా ఆవిడకు ఆ లెన్సు ధర చెప్పినప్పుడు కూడా నేను రేబిస్ మాటే ముందు ఎత్తాను.

మా పార్కు పేరు కొలోనియల్ పార్కు, సోమర్‌సెట్ కౌంటీలో ఉంది. అందరూ అక్కడి గులాబీ తోట చూడటానికి వస్తారు. పక్కనే డెలావేర్ అండ్ రారిటన్ కాలవ. 1830లలో ఎక్కువగా ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు పలుగూ పారా పట్టి తవ్వారు, 1834లో పడవలు తిరగడం మొదలైంది. ఒకప్పుడు పడవల్ని లాగే కంచరగాడిదలు నడిచిన గట్టు మీద ఇప్పుడు మనం వాకింగ్ చేస్తున్నాం. కూలీలు పోయి దాదాపు రెండొందల ఏళ్లు కావస్తోంది కానీ తవ్వకం పని ఆగలేదు. దాన్ని గ్రౌండ్‌హాగులు నడుపుతున్నాయి, కూలి అడక్కుండా.

గట్టు పక్క గడ్డిలో అది కనబడటం చాలా తేలిక. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, మళ్లీ సాయంత్రం, తెల్ల క్లోవర్ పూల మధ్య తల వంచుకుని మేస్తుంటుంది. చేతిలో కెమెరా లేనప్పుడు బల్ల మీద కూర్చున్న మనకు పదడుగుల్లోకి కూడా వస్తుంది. పాలప్యాకెట్ కోసం వెళ్తూ నేను చూసినన్ని గ్రౌండ్‌హాగుల్ని ఏ అటవీశాఖ వాళ్లూ చూసి ఉండరు. కెమెరా సంచీ జిప్పు చప్పుడైందా, అంతే. మొదట వెనక కాళ్ల మీద నిటారుగా లేస్తుంది. ఒక్క క్షణం నన్ను పైనుంచి కిందిదాకా చూస్తుంది. తర్వాత చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది. ఆ ఈల అయిపోయేసరికి అక్కడ గడ్డి మాత్రం ఊగుతూ ఉంటుంది. ఆ ఈల చుట్టుపక్కల ఉన్న తన వాళ్లను హెచ్చరించడానికట. నా పేరు పెట్టి వేస్తోందని నా అనుమానం.

దాని శరీర నిర్మాణంలోనే మనకు వ్యతిరేకంగా కుట్ర ఉంది. కళ్లు, చెవులు, ముక్కు మూడూ తలకు బాగా పైభాగాన ఉంటాయి. కాబట్టి కలుగులోంచి నుదురు కాస్త బయటపెడితే చాలు, మనం కనిపిస్తాం, వినిపిస్తాం, వాసన కూడా తగులుతాం. మనకు మాత్రం మట్టిలో ఒక మట్టిబెడ్డ కనబడుతుంది. నా దగ్గర అలాంటి మట్టిబెడ్డల ఫోటోలు కొల్లలు. కొన్నిటిలో మట్టిబెడ్డ నా వంక చూస్తోంది. కొన్నిటిలో ఉన్నది నిజంగానే మట్టిబెడ్డ.

మిగతావన్నీ వెనక వైపు నుంచి తీసినవి. మా కెమెరా జంతువుల కళ్లను తనంతట తానే పసిగట్టి ఫోకస్ చేస్తుందని కొనేటప్పుడు చెప్పారు. కళ్లు మన వైపు తిరిగి ఉంటే చేస్తుందేమో. పారిపోతున్న గ్రౌండ్‌హాగ్‌కి కళ్లు అటు ఉంటాయి. కెమెరా పాపం నిజాయితీగా వెతికి, చివరికి ఒక గడ్డిపరక మీద పచ్చటి చతురస్రం గీస్తుంది. ఆ గడ్డిపరక మాత్రం ఎంత స్పష్టంగా వస్తుందంటే, దాని మీది మంచుబొట్టులో నా టోపీ కూడా చూసుకోవచ్చు. ఫోటోలు చూసి మా ఆవిడ అంది: "ఏమండీ, ఈ గడ్డి మన లాన్‌లోనే ఉంది కదా."

జంతువు కంటికి సమానంగా కెమెరా పెట్టాలి, అప్పుడే ఫోటోకు ప్రాణం వస్తుంది అని ఈ విద్యలో పెద్దలు చెబుతారు. మనిషి నిలబడి కిందికి తీస్తే ప్రతి జంతువూ సీసీ కెమెరాలో దొరికిన దొంగలా ఉంటుంది. నిజమే. కానీ గ్రౌండ్‌హాగ్ కన్ను ఉండేది నేలకు జానెడు ఎత్తున. అంటే బోర్లా పడుకోవాలి. న్యూజెర్సీ గడ్డిలో బోర్లా పడుకోవడమంటే పేలంత పురుగులకు ఆతిథ్యం ఇవ్వడం. ఇక్కడి జింకల టిక్కులు కుడితే లైమ్ జబ్బు వస్తుంది. కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి పేరే దానికి పెట్టారు. అది కాక మూడేసి ఆకులతో పాయిజన్ ఐవీ అని ఒక తీగ ఉంది, మన దూలగొండి దాని ముందు పసిపాప. అందువల్ల నేను ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు అంచుల్ని మేజోళ్లలోకి దోపుకుని, పురుగుల మందు కొట్టుకుని, కాలవ గట్టున బోర్లా పడుకునేవాణ్ని. వాకింగుకు వచ్చిన ఒక పెద్దావిడ వంగి, అంబులెన్స్ పిలవమంటారా అని అడిగింది. గ్రౌండ్‌హాగ్ కోసం అని చెప్పాను. అయితే తప్పకుండా పిలవాలి అన్నట్టు చూసింది.

ఆమె తప్పేమీ లేదు. ఈ దేశంలో గ్రౌండ్‌హాగ్ అంటే పెరట్లో కూరగాయలు తినేసే దొంగ. మా పెరట్లోనూ అంతే. చిక్కుడు పాదు మొక్కల్ని మొదలంటా కొరికి, బీర తీగల చిగుళ్లు తిని, గోంగూరను మాత్రం ముట్టలేదు. పులుపు పడదు కాబోలు. గోంగూర వద్దన్న ప్రాణిని మా ఇంట్లో ఎవరూ క్షమించలేదు. ఈ కోపం కొత్తది కాదు. 1845లో వాల్డెన్ చెరువు పక్కన గుడిసె వేసుకుని హెన్రీ డేవిడ్ థోరో చిక్కుడు సాగు చేస్తే పావు ఎకరం ఇవే మేసేశాయి. శాంతంగా బతకడానికి అడవికి వెళ్లిన మనిషి చివరికి ఒకదాన్ని చంపి వండుకు తిన్నాడు, ఆ సంగతి తన పుస్తకంలోనే రాసుకున్నాడు. గాంధీగారు చదివి మెచ్చుకున్న థోరో ఈయనే. చిక్కుడు పాదు దగ్గర మనుషుల సహనానికి ఒక హద్దుంటుంది.

ఈ దొంగకే ఏడాదికి ఒకరోజు రాజమర్యాద జరుగుతుంది. పెన్సిల్వేనియాలో పంక్సటానీ అనే ఊళ్లో 1887 నుంచి ఫిబ్రవరి 2న ఫిల్ అనే గ్రౌండ్‌హాగ్‌ను తెల్లవారుజామున బయటికి తీస్తారు. పొడుగు టోపీలు, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు దాన్ని పైకెత్తి చూపిస్తారు. నీడ కనబడితే ఇంకో ఆరువారాలు చలి, కనబడకపోతే వసంతం తొందరగా వస్తుంది. ఈ ఆచారం జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లది. అక్కడ ఈ పని వేరే జంతువు చేసేది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్నది ఒకే ఫిల్ అనీ, ఏటా ఒక అమృతం తాగిస్తామనీ ఆ టోపీల వాళ్లు నవ్వకుండా చెబుతారు. మన ఏడుగురు చిరంజీవుల పక్కన ఎనిమిదో పీట వేయాలన్నమాట. జోస్యాల్లో సగం కూడా నిజం కావు. అయినా జనం వేలల్లో వెళ్తారు, కెమెరాలతో. అలా చంకల్లో పట్టుకుని ఎత్తి చూపిస్తే ఫోటో తీయడం నాకూ వచ్చు.

ఆ రోజుల్లో మామూలు గ్రౌండ్‌హాగులు నిద్రలో ఉంటాయి. అదీ అలాంటిలాంటి నిద్ర కాదు. గుండె నిమిషానికి నాలుగైదు సార్లకు దిగిపోతుంది, ఒళ్లు చల్లబడిపోతుంది. ఫిబ్రవరిలో మగవి కాసేపు బయటికొచ్చి, ఆడవి ఉండే బొరియలు ఎక్కడెక్కడున్నాయో ఒక చుట్టు చూసి, తిరిగి వెళ్లి పడుకుంటాయి. వాతావరణంతో వాటికి పనేమీ లేదు, పెళ్లిచూపులకు బయల్దేరతాయి. ఫిల్ చుట్టూ మూగే గుంపులో ఎవరికీ ఈ సంగతి పట్టినట్టు లేదు.

మా నాన్న వచ్చింది జూన్‌లో. బాపట్ల దగ్గర కృష్ణా డెల్టాలో వరి పండించిన మనిషి. అమెరికా చూపిస్తామని ఎక్కడెక్కడికో తిప్పాం, ఏదీ ఆనలేదు. కాలవ గట్టు మీదికి తీసుకెళ్తే మాత్రం చెప్పులు విడిచి నడిచారు. నేను లెన్సు బిగించి నా మామూలు కలుగు ఎదురుగా మాటు వేశాను. కలుగు ముందు మట్టి గుట్టగా పోసి ఉంది, అదే దాని గుమ్మం, అదే అది నిలబడి చుట్టూ చూసే అరుగు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. నాన్న కాసేపు నన్ను, కాసేపు కలుగును చూశారు.

"పందికొక్కేగా?"

"కాదు నాన్నా, ఉడత జాతి."

"ఏ జాతైతే ఏం? ముందు గుమ్మం దగ్గర కూర్చుంటే ఎవడొస్తాడ్రా? వెనక ఇంకోటి ఉంటుంది, చూడు. అక్కడ మట్టి ఉండదు."

లేచి వెళ్లి, గట్టు దిగువన గడ్డిలో కాలితో తడుముతూ పోయి, ఒకచోట ఆగారు. గుండ్రంగా, శుభ్రంగా, చుట్టూ పిడికెడు మట్టి కూడా లేకుండా ఒక కన్నం. లోపలి నుంచి తవ్వుతుంది కాబట్టి మట్టి బయట పడదు. ప్రమాదం వస్తే దబ్బున దూకడానికి పెట్టుకునే చోరదారి అది. ఇలాంటివి ఒక్కో బొరియకు రెండు మూడు ఉంటాయి. లోపల పడకగది వేరు, దొడ్డి వేరు అని చెబితే ఆయన మొదటిసారి దాని మీద గౌరవం చూపించారు. "గట్టుకు మాత్రం ముప్పు. బుట్టలు పెట్టించాలి," అన్నారు. ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లు ఈ దేశంలో దొరకరని నచ్చజెప్పేసరికి పొద్దు వాలింది.

గాలి మా వైపుకు వీచేలా, కాస్త దూరంగా, చెట్టు మొదట్లో కూర్చున్నాం. జిప్పు ముందే తీసి పెట్టుకున్నాను. నాన్న పొలంలో కాపలా ఉన్నట్టు కదలకుండా, మాట్లాడకుండా కూర్చున్నారు. అది ఆయన చెప్పిన కన్నంలోంచే వచ్చింది. ముందు నుదురు, తర్వాత బుగ్గలు, తర్వాత మిగతా సంసారమంతా. నోట్లో క్లోవర్ పువ్వు ఒకటి అడ్డంగా పెట్టుకుని, రెండు కాళ్ల మీద లేచి, పొట్ట మీద చేతులు పెట్టుకుని మా వైపు తిరిగింది. పచ్చటి చతురస్రం ఈసారి కంటి మీదే పడింది.

ఆ ఫోటోను అందరికీ చూపించాను. పక్షుల ఫోటోలు తీసే మా మిత్రుడు మర్యాదకు బాగుందన్నాడు, కళ్లు మాత్రం తన ఫోనులోని గద్ద మీదే ఉన్నాయి. మా ఆవిడ పోల్చుకుంది: "ఇది మన చిక్కుడు తిన్నదే." మా ఇంటికీ పార్కుకూ మధ్య హైవే ఉందన్నా ఒప్పుకోలేదు. నాన్న మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ఈ పంట కాలంలో బాగానే పట్టింది, ఒంటి మీద నిగనిగ ఉంది అన్నారు. ఈ ఫోటో మీద ఇంత వివరమైన విమర్శ నాకు ఇంకెవరి దగ్గరా రాలేదు.

మీరు కూడా తీయాలనుకుంటే ఆగస్టు, సెప్టెంబరు మంచివి. చలికాలం కోసం కొవ్వు పెంచుకుంటుంది కాబట్టి మేత ధ్యాసలో ఉంటుంది, ఫ్రేము కూడా నిండుతుంది. తినడానికి ఏమీ వేయకండి, కన్నానికి అడ్డంగా కూర్చోకండి, ఇంటికొచ్చాక టిక్కుల కోసం ఒళ్లంతా చూసుకోండి. అక్టోబరు చివరికి మాత్రం రావద్దు. అప్పటికి లోపలికి వెళ్లి గడ్డితోనూ మట్టితోనూ పడకగది మూసుకుని పడుకుంటుంది.