కానుకబల్ల మీది మాటల పెట్టె

ఎట్టకేలకు మన కానుకబల్లకు నోరు వచ్చినది. తాండూరు బజారులో చాయ్ బండి మీదను, కిరాణా గల్లాపెట్టె ప్రక్కను, ఫోనుద్వారా సొమ్ము పడినపుడెల్ల ఇన్నాళ్లు కూయుచుండిన ఆ అరచేతి పెట్టె, యాలాల్ చుట్టుపట్ల మెథడిస్టు మందిరములలో ఒకదానియందు, సిలువకు కుడిప్రక్కన, లేసు అంచు గల తెల్లని గుడ్డ మీద ఆసీనమైనదని మీరందరును ఈపాటికి వినియే యుందురు. విననివారు వచ్చే ఆదివారము ప్రహరీ గోడ అవతల నిలుచున్నను వినగలరు. అది ఏ మందిరమో నేను చెప్పను. చెప్పిన యెడల మిగిలిన మందిరములవారు తమ పెట్టెకు అన్యాయము జరిగినదని నొచ్చుకొందురు.

పెట్టెను నిందించుట నా ఉద్దేశము కాదు. అది తన ధర్మమును తాను నిర్వర్తించుచున్నది. బజారులో దాని మాట వినబడనిదే దుకాణదారుడు సరుకు చేతికీయడు. అయితే దేవుడు కూడ ఆ దుకాణదారునివలెనే సొమ్ము ముట్టినదో లేదో తెలియక తల్లడిల్లుచున్నాడని పాస్టరేటు కమిటీవారికి ఎవరు చెప్పిరో గాని, ఆరాధన ఆరంభము మొదలు ఆశీర్వచనము వరకు దానికి విశ్రాంతి లేదు. సభ యావత్తు మోకాళ్లూని, తల వంచి, వారమంతయు చేసిన పాపములను మనస్సులో ఒప్పుకొనుచుండ, ఆ నిశ్శబ్దములో ‘యాభై రూపాయలు అందాయి’ అని అది ప్రకటించును. ఏ పాపమునకు ఎంత ధరయో అప్పటికప్పుడు తేలినట్లు వెనుక బెంచీలోని కుర్రకారు కిసుక్కున నవ్వుదురు. అయ్యగారు వాక్యము చదువ నారంభించి, ఒక్క దాసునికి ఇద్దరు యజమానులు పొసగరను భాగమునకు వచ్చునప్పటికి, ‘రెండు వేల రూపాయలు అందాయి’ అని ఆ రెండవ యజమాని స్వయముగా పలుకును. 2024లో ఒక కంపెనీవారు ఈ జాతి పెట్టెలలో మహేశ్ బాబు గొంతును తెలుగున వినిపించిరి గదా. ఆ గొంతునే మనమును పెట్టించుకొందమని యువజనులు ముచ్చటపడుచున్నారట. నాకు అభ్యంతరము లేదు. ప్రసంగముకంటె దానినే శ్రద్ధగా విందురు.

ఇంతటితో ఆగినను బాగుండెడిది. పెట్టె పలుకుట మొదలిడిన నాటినుండి కానుకలకు పోటీ పుట్టినది. ముందు వరుసలో కూర్చుండు నాపరాతి వ్యాపారి ఒకరు అయిదు వందలు పంపి, పెట్టె పలికిన పిమ్మట మెల్లగా వెనుకకు తిరిగి, ఎవరెవరు వినిరో చూచుకొందురు. అంతట ఎడమవైపు కూర్చున్న కాంట్రాక్టరుగారు జేబులోని ఫోను వెలికిదీసి, ప్రార్థించువారివలె శిరస్సు వంచి, వ్రేలు కదుపగా, పెట్టె ‘అయిదు వందల పదహారు’ అనును. మరియొక బుద్ధిమంతుడు తాను ఇయ్యదలచిన వందను పది పదులుగా విడగొట్టి పదిమార్లు పలికించుకొనెను. లెక్కకు వంద, చెవికి పది కానుకలు! ఇక మన సిగ్నలు సంగతి ఎరిగినదే గదా. అది అందని వేళ కానుకలన్నియు ఆకాశమున ఎచ్చటనో నిలిచిపోయి, సరిగా ప్రభు సంస్కారపు సమయమున, రొట్టె విరుగుటయే తడవుగా, ఒక్కుమ్మడిగా కురియును. దృఢచిత్తులు ప్రార్థనకు కన్నులు మూయుదురు; తక్కినవారు కూడికలు వేసికొందురు.

పెట్టె మొత్తమును చెప్పును గాని పేరు చెప్పదు. ఇది పెద్దలను మిక్కిలి బాధించిన లోపము. దీనిని పూరించుటకై ఆరాధన చివర స్ట్యువర్డుగారు ఫోనులోని పట్టీని తెరచి, పెద్ద మొత్తమునుండి చిన్న మొత్తమునకు మెట్లు దిగుచు, పేరు పేరున చదువుదురు. వంద రూపాయల వద్ద చదువుట ఆపుదురు. సమయము చాలదట.

ఆ వందకు దిగువన ఒక అవ్వ ఉన్నది. కందిచేలలో కూలికి పోవును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనమందరము మురిసితిమి; ఆ కందిని కోయు చేతులను గుర్తించినవారు మాత్రము లేరు. ఆమె కొంగు ముడి విప్పి నలిగిన పది రూపాయల నోటును, గుడ్డ సంచిలో పిడికెడు బియ్యమును బల్ల వద్దకు తెచ్చినది. వంట వండునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవుని పేర ప్రక్కన పెట్టుట మన తల్లుల ఆచారమని నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. పళ్లెము పట్టుకొని నిలుచున్న కుర్రవాడు, మర్యాదగానే, ‘అవ్వా, గిప్పుడందరు ఫోన్లనే ఏస్తున్నరు’ అనెను. ‘నా తాన ఫోనేడిది బిడ్డా?’ అనెను ఆమె. ‘అయితే ఆఫీసు రూముల ఇయ్యిపో, ఆడ రాసుకుంటరు.’ ఆఫీసు గదికి తాళము వేసియున్నది.

ఇచ్చట నాకు వ్యంగ్యము చేతగాదు. సిగ్గు లేదా మనకు? దేవాలయములో రెండు కాసులు వేసిన విధవరాలి కథను చిన్ననాటినుండి సండే స్కూలులో బట్టీపట్టి, బహుమతులందుకొని, ఆ విధవరాలు నిజముగా గుమ్మములోనికి నడచివచ్చిననాడు ఆమెను తాళము వేసిన గదికి పంపుదుమా? కుడిచేతి దానము ఎడమచేతికి తెలియరాదన్నవాని బల్ల మీద, వీధి వీధికి తెలియజేయు యంత్రమును పెట్టి, దానికి లేసు గుడ్డ పరచుదుమా?

మనము ఎవరి రెండు కాసులతో మనుష్యులమైతిమో ఎరుగుదుమా? 1869 మార్చిలో, బోస్టను నగరమున, జోరువానలో చేరిన గుప్పెడుమంది మెథడిస్టు స్త్రీలు విదేశ మిషను సంఘమును స్థాపించి, సభ్యురాలికి వారమునకు రెండు సెంట్లు, దానితో ఒక ప్రార్థన అను లెక్కన చందా కూడబెట్టి, ఆ ఏడే ఇజబెల్లా తోబర్ను, డాక్టర్ క్లారా స్వైను అను మిషనరీలను మన దేశమునకు ఓడ ఎక్కించిరి. వికారాబాదులోని మేరీ ఎ. నాట్స్ బాలికల పాఠశాల ఆ స్త్రీల సంఘపు పోషణలో పెరిగినదే. అక్కడ అక్షరము దిద్దినవారి మనుమలు, మునిమనుమలు నేడు మన కమిటీలలో కుర్చీలు వేసికొని కూర్చున్నారు. ఆ రెండు సెంట్లు నేడు వచ్చినయెడల మన స్ట్యువర్డుగారు చదువరు. మన మూలపురుషుడగు జాన్ వెస్లీ సంగతి సరేసరి. యౌవనమున ఏడాదికి ముప్పది పౌనులు వచ్చినపుడు ఇరువది యెనిమిదింటితో గడిపి రెండు దానమిచ్చి, ఆదాయము నూట ఇరువదికి పెరిగినను ఆ ఇరువది యెనిమిదితోనే గడిపి మిగిలిన తొంబది రెండును ఇచ్చివేసెను. ఆయనకు పెట్టె లేదు, పాపము.

పెట్టె మీది ఈ ఉత్సాహమునకు కారణము నేనెరుగకపోలేదు. 2020లో విదేశీ విరాళముల చట్టమును సవరించి, వచ్చు సొమ్మంతయు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే దిగవలెననియు, దిగినదానిని మరియొక సంస్థకు పంచరాదనియు కట్టడి చేసిరి. దొరల డాలరు దారి ఇరుకైనది. కావున మనవారి రూపాయికి మైకు పెట్టిరి. మన పని మన రూపాయితో నడుచుట మంచిదే, నూరుపాళ్లు మంచిదే. 1923 మొదలు నవంబరు నవంబరునకు ధారూరు క్రైస్తవ జాతరకు బండ్లు కట్టుకొని వచ్చి, చెట్ల క్రింద వండుకొని తిని, మ్రొక్కిన కానుకను చేతిలో దాచుకొని వేసిపోయిన బీదజనము ఈ పాఠమును మనకు ఎప్పుడో చెప్పియున్నది. వారికి ఏ మైకు అవసరపడలేదు.

ఈ మైకు జబ్బు కానుకబల్లతో ఆగలేదు. సువార్త సేవ గూర్చియు ఒక్క మాట: తండాకు పోయి, బిస్కట్ పొట్లము ఒకటి పిల్లవానికిచ్చుచు తొమ్మిదిమంది ఫొటో దిగి, చీకటి పడకముందే తాండూరు చేరుకొనుటకు సువార్త అని పేరు పెట్టరాదు. దుప్పట్ల పంపిణీ ఫ్లెక్సీలో దుప్పటి పుచ్చుకొన్న ముసలివాని ముఖముకంటె దాత ముఖము నాలుగింతలున్నది. ఆ ముసలివాడు నాపరాతి గనిలో బండలు కొట్టి, ఆ దుమ్ము రొమ్మున నిండి, రాత్రులు దగ్గి దగ్గి కూర్చుండియే తెల్లవార్చును. అతనిని ఆసుపత్రికి తీసికొనిపోయిన సభ్యుడు ఒక్కడు లేడు. దగ్గు ఫొటోలో పడదు గదా!

మరల పెట్టె మాటకు వత్తము. అది పారదర్శకత కొరకే యని కమిటీవారు సెలవిచ్చుచున్నారు. ఎంత గొప్ప మాట! ఇచ్చినవాని మొత్తము ఊరంతటికి తెలియుట పారదర్శకతయా, లేక పుచ్చుకొన్నవారు దానిని ఏమి చేసిరో ఇచ్చినవానికి తెలియుట పారదర్శకతయా? కోతల పండుగ వేలములో గుమ్మడికాయ ఒకటి వేల రూపాయలు పలికినదని ఏడాది పొడవునా చెప్పుకొంటిమి. ఆ వేలు దేనికి ఖర్చయినవో ఎవరును పలుకలేదు. రాకకు నోరున్నది, పోకకు లేదు.

కమిటీవారికి నా మనవి. పెట్టెను పారవేయ నక్కరలేదు. దానికి డబ్బిచ్చి కొంటిరి. కానుకబల్ల మీదనుండి తీసి కోశాధికారిగారి బల్ల మీద పెట్టుడు. రూపాయి వచ్చినపుడు గాక పోవునపుడు పలుకునట్లు తెలివిగల కుర్రవాని నెవనినైన పట్టుకొని మార్పించుడు. అది సాధ్యము కాదందురా, నెలనెల ఖర్చుల పట్టీని వ్రాసి మందిరపు తలుపునకు అంటించుడు. దానికి సిగ్నలు అక్కరలేదు. అవ్వ నోటును, అవ్వ బియ్యమును పళ్లెములోనే వేయనిండు.